ఐదో విల్లు

ఫట్‌!

రాత్రి పదకొండు గంటలు. డాలస్‌ శివార్లలోని ఓ ఇంటి గరాజ్‌లోంచి తుపాకీ పేలినట్టు శబ్దం. పిల్లలు ఉలిక్కిపడి లేచారు. భార్య పరుగున వచ్చి తలుపు తీసింది. అతను నేలమీద కూర్చుని ఉన్నాడు. చేతిలో సగం చెక్క. మిగతా సగం కారు కిందికి ఎగిరిపోయింది. ముంజేతి మీద ఎర్రగా వాత తేలింది.

‘‘దెబ్బ తగిలిందా?’’ కంగారుగా అడిగిందామె.

‘‘లేదు. ఇది కూడా పోయింది.’’

అది మూడో విల్లు.

ఆ సంవత్సరం 2009. మాంద్యం దెబ్బకి అమెరికాలో ఉద్యోగాలు ఎండుటాకుల్లా రాలుతున్న రోజులు. సాఫ్ట్‌వేర్‌ ఇంజినీరైన అతని ఉద్యోగమూ అలాగే పోయింది. పొద్దున లేస్తే రెజ్యూమెలు పంపడం, సాయంత్రం దాకా ఫోను వంక చూడటం... నెలలు గడిచినా అదే వరస. ఆ ఖాళీలోకి వచ్చిపడిందో చిన్న కోరిక. శ్రీరామనవమికి తెలుగువాళ్లంతా కలిసి పిల్లలతో నాటకం వేయించారు. రాముడి వేషం అతని కొడుక్కి. పదకొండేళ్లవాడు. చేతిలో ప్లాస్టిక్‌ విల్లు. శివధనుస్సు కంటే ముందే అది విరిగిపోయింది. జనం నవ్వారు. ఇంటికొస్తూ కారులో వాడు అడిగాడు: ‘‘డాడీ, తాతయ్య కార్పెంటర్‌ కదా. మరి నీకు రాదా?’’

రాదు. ఎందుకు రాదో చెప్పాలంటే చాలా దూరం వెళ్లాలి.

ఉలి పట్టనివ్వని తండ్రి

తెనాలి దగ్గర ఓ పల్లె. అతని తండ్రి ఆ ఊరి వడ్రంగి. నాగళ్లు, కాడిమాన్లు, బండిచక్రాలు, దూలాలు, తలుపులు... ఊళ్లో ఏ ఇంట్లో చూసినా ఆయన చేతి పని కనిపించేది. రైతులు ఏటా కళ్లాల దగ్గర మేర కొలిచేవారు. ఆ గింజలతోనే ఇల్లు గడిచేది. తర్వాత ట్రాక్టర్లొచ్చాయి. నాగళ్లు చూరుకెక్కాయి. మేర కొలిచే చేతులు తగ్గిపోయాయి.

రాబోయే రోజులు ఎలా ఉంటాయో తండ్రికి ముందే అర్థమైంది. కొడుకు సరదాగా బాడిస పట్టుకున్నా లాక్కునేవాడు. ‘‘ఇది నాతో సరి. నువ్వు పెన్ను పట్టుకో’’ అనేవాడు. కొడుకు పెన్నే పట్టుకున్నాడు. ఇంజినీరింగ్‌లో సీటొచ్చింది. చేరేరోజు దరఖాస్తులో ‘తండ్రి వృత్తి’ అన్నచోట ఒక్క క్షణం ఆగి ‘వ్యాపారం’ అని రాశాడు. పక్కనే నిలబడ్డ తండ్రి కూడబలుక్కుని చదివాడు. ఏమీ అనలేదు. ఇద్దరూ మళ్లీ ఆ మాటెత్తలేదు.

తల్లి పోయాక తండ్రి ఒంటరయ్యాడు. ఆదివారం ఆదివారం ఫోను. ‘అన్నం తిన్నావా?’, ‘పిల్లలు బాగున్నారా?’, ‘వర్షాలు పడ్డాయా?’... రెండు నిమిషాల్లో అయిపోయేది. మాట్లాడుకోవడానికి ఇద్దరికీ ఉమ్మడి విషయం ఏముంది కనుక?

ఒకటి తర్వాత ఒకటి

మొదటి విల్లుకి కలప దుకాణంలో ఎర్ర ఓక్‌ పలక కొన్నాడు. పుస్తకం ముందు పెట్టుకుని కొలతలు గీశాడు. మిల్లీమీటరు తేడా లేకుండా కోశాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. అల్లెతాడు కట్టి లాగితే, సగం దూరం రాకుండానే ఏటవాలుగా విరిగింది.

రెండోది హికరీ చెక్క. ఈసారి విరగలేదు కానీ ఒకచోట మాత్రమే మడతబందులా వంగింది. అక్కడ సరిచేద్దామని ఇక్కడ గీకాడు, ఇక్కడ ఎక్కువైందని అక్కడ గీకాడు. చివరికి విల్లు కాస్తా పిల్లల ఆటవస్తువంత పలచబడింది. ఆ మడత దగ్గరే చిట్లింది.

మూడోదానికి చెక్క ఇచ్చింది పక్కవీధి పెద్దాయన. ఒకప్పటి రైతు. గరాజ్‌లోంచి రోజూ వినిపించే గీకుడు శబ్దానికి ఆగి, సంగతి తెలుసుకుని, తన షెడ్డులో ఏళ్లుగా ఎండుతున్న బద్దొకటి తెచ్చిచ్చాడు. పచ్చి పసుపుకొమ్ము రంగు. రాయంత గట్టి. దాని పేరు ఓసేజ్‌ ఆరెంజ్‌. పేరులో నారింజ ఉన్నా నారింజకీ దానికీ చుట్టరికం లేదు. మల్బరీ, పనస, మర్రి, రావి... వాటి కుటుంబం అది. టెక్సాస్‌, ఓక్లహామా, ఆర్కాన్సా సరిహద్దుల్లోని రెడ్‌ రివర్‌ పరిసరాలు దాని పుట్టిల్లు. ఓసేజ్‌ తెగవారు దాంతో విల్లులు చేసేవారు. అది చూసిన ఫ్రెంచివాళ్లు ‘బ్వా దార్క్‌’ అన్నారు. విల్లుచెక్క అని అర్థం. టెక్సాస్‌ జనం నోట్లో అది ‘బోడార్క్‌’ అయింది. ముళ్లకంచె రాకముందు రైతులు పొలాల చుట్టూ దడిగా పెంచింది ఈ చెట్లనే.

అంత గొప్ప చెక్క కూడా అతని చేతిలో ‘ఫట్‌’మంది!

‘విరిగిన ముక్క చూడు’

ఆ ఆదివారం ఫోనులో ఎప్పటిలాగే ‘అన్నం తిన్నావా?’ అయ్యాక, ఎందుకో నోరు జారాడు.

‘‘నాన్నా, చెక్కతో విల్లు చేస్తున్నా. మూడు విరిగిపోయాయి.’’

అవతల కాసేపు నిశ్శబ్దం. తిడతాడనుకున్నాడు. తండ్రి అడిగిన మాట వేరు.

‘‘విరిగిన ముక్కలున్నాయా? పారేశావా?’’

‘‘ఉన్నాయి.’’

‘‘తీసుకురా. విరిగిన చోట ఎట్టా ఉందో చెప్పు.’’

ముక్కలు ముందేసుకుని ఒక్కొక్కటే చెప్పసాగాడు. మొదటిది ఏటవాలుగా విరిగిందనగానే తండ్రికి అర్థమైపోయింది. ‘‘నార అడ్డంగా పోయుంటుంది. గొడ్డలికామ అయినా అంతేరా. నార కామ వెంట నడవకుండా పక్కకి దిగిపోతే నాలుగు దెబ్బలకి విరుగుద్ది. రంపంతో కోస్తే నువ్వు గీసిన గీత వస్తది. గొడ్డలితో చీలిస్తే చెక్కకున్న గీత వస్తది. బండిచక్రం ఆకులకి మేం చీల్చే తీసేవాళ్లం.’’

రెండోది విన్నాక నవ్వాడు. ‘‘నేను విల్లు చెయ్యలేదు కానీ కావడిబద్దలు చేశాను. రెండువైపులా ఒకేమాదిరి ఊగాలి. ఒకవైపు బిగిసినా, ఒకచోటే వంగినా మోసేవాడి భుజం పోద్ది. వంగే చోట ముట్టుకోకూడదు. వంగని చోట గీకాలి. నువ్వు తిరగేసి చేసుంటావు.’’

నిజంగానే తిరగేసి చేశాడు.

మూడోది తండ్రికీ అంతుపట్టలేదు. ‘‘బయటివైపు పొరలు తెగినట్టున్నాయా?’’ అని మాత్రం అడిగాడు. అతను బల్బు కింద పెట్టి చూశాడు. చెట్టు ఏటా ఒక వలయం చొప్పున పెరుగుతుంది. విల్లు వంగినప్పుడు ముందువైపు సాగుతుంది, విలుకాడి వైపు నొక్కుకుపోతుంది. సాగే ఆ ముందువైపు, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే ఏటి పొర తెగకుండా ఉండాలి. అతను నున్నగా కనిపించాలని చిత్రిక పట్టి నాలుగు పొరలు కోసేశాడు. తెగిన అంచు దగ్గరే పెచ్చు లేచింది.

ఆరోజు ఫోను నలభై నిమిషాలు నడిచింది.

తర్వాతి ఆదివారం అతనే లెక్క చెప్పాడు. చెక్క వెడల్పు రెట్టింపయితే బిరుసు రెండింతలే అవుతుంది. మందం రెట్టింపయితే ఎనిమిదింతలు. మందంలో పదోవంతు గీకేస్తే బిరుసులో నాలుగోవంతు పైనే పోతుంది. అంతా విని తండ్రి, ‘‘అదే కదరా, చివర్లో ఉలి పక్కనబెట్టి గాజుపెంకు పట్టుకునేది’’ అన్నాడు. ఇంజినీరింగ్‌ పుస్తకంలో కొడుకు చదివిన సూత్రం తండ్రి చేతివేళ్లలో ఎప్పట్నుంచో ఉంది!

తొందర చేసిన తప్పు

నాలుగోసారి పెద్దాయన పొలంలో గాలికి పడిన చెట్టు దొరికింది. అతను దుంగను గొడ్డలితో నాలుగుగా చీల్చాడు. పైనున్న తెల్లచెక్క తీసేసి, చేవలో ఒకే పొరను పట్టుకుని వెళ్లాడు. వారంలో విల్లు సిద్ధం. విరగలేదు! ఇంటిల్లిపాదీ చప్పట్లు. కానీ అల్లెతాడు విప్పితే విల్లు నిటారుగా లేవలేదు. కొడవలిలా వంగే ఉండిపోయింది. పచ్చి చెక్క నొక్కుకుపోతే మళ్లీ లేవదు. బాణం పది అడుగుల్లో పడింది.

‘‘పచ్చి తుమ్మతో నాగలి చేస్తామంటరా?’’ ఈసారి తండ్రి నిజంగానే కోప్పడ్డాడు. ‘‘దుంగలు చెరువులో నానేసి, నీడన ఆరబెట్టి, అప్పుడు కదా ముట్టుకునేది. నీకెందుకింత తొందర? అసలు ఎంత బలమైన విల్లు చేస్తున్నావు?’’

‘‘45 పౌండ్లు. అంటే 20 కిలోల బరువు లాగినంత.’’

‘‘పిల్లాడు లాగగలడా?’’

అతను మాట్లాడలేదు.

‘‘పిల్లాడు లాగలేని విల్లు ఎవరికి చేస్తున్నావురా?’’

ఆ ప్రశ్నకి జవాబు అతనికి తెలుసు. ఉద్యోగం పోయిన దగ్గర్నుంచి తానింకా దేనికో ఒకదానికి పనికొస్తానని ఎవరికో చూపించాలి. ఆ కసే 45 పౌండ్లయింది. ఫోను పెట్టేశాక మిగిలిన మూడు బద్దల కొనలకి జిగురు పూసి, చివర్లు పగలకుండా చూసుకుని, గరాజ్‌ నీడలో పైకెక్కించాడు. ఏడాది దాకా ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ ఏడాదిలో చాలా జరిగాయి. 2010 మొదట్లో ఉద్యోగం దొరికింది. పాతదానికంటే చిన్నదే, అయినా చేరాడు. విల్లుల గురించి దొరికిన పుస్తకమల్లా చదివాడు. 1911లో కాలిఫోర్నియాలో తన యాహి తెగ మొత్తాన్నీ పోగొట్టుకుని ఒంటరిగా బయటికొచ్చిన ఇషి కథ తెలిసింది. శాక్స్టన్‌ పోప్‌ అనే డాక్టరు ఆయనకి స్నేహితుడై, విల్లమ్ముల విద్య నేర్చుకున్నాడు. 1916లో ఇషి క్షయతో చనిపోయాడు. పోప్‌ 1923లో రాసిన పుస్తకం అమెరికాలో ఎంతోమందిని మళ్లీ విల్లు పట్టించింది. ఆ రాత్రి పుస్తకం మూసి అతను చాలాసేపు మేలుకునే ఉన్నాడు. ఆఖరివాడి దగ్గర అడిగి నేర్చుకున్నవాడు ఒక్కడున్నా విద్య మిగిలింది. మరి తెనాలి దగ్గరి ఆ ఇంట్లో బాడిస పట్టే ఆఖరివాడికి డెబ్బై నాలుగేళ్లు.

ఆదివారం ఫోన్లు ఆగలేదు. చెక్కను గోటితో కొడితే ఎండినదీ పచ్చిదీ ఎలా పలుకుతాయో, చక్రానికి ఇనుపకమ్మీ ఎక్కించేరోజు ఊరంతా ఎలా చేరేదో తండ్రి చెబుతుంటే అతను నోటుపుస్తకంలో రాసుకునేవాడు.

వంద గీకులు, వెయ్యి లాగులు

2010 చివర్లో ఐదో విల్లు మొదలైంది. ఈసారి కొడుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఒకే పొర. చెక్కలో ముడి ఉన్నచోట పక్కకి తిరిగితే విల్లునీ అలాగే తిరగనిచ్చాడు. గోడకి పలక బిగించి, కప్పీ వేసి, తాడుతో కొద్దికొద్దిగా లాగి దూరం నుంచి వంపు చూసేవారిద్దరూ. ‘‘డాడీ, కుడివైపు లేజీగా ఉంది’’ అనేవాడు పిల్లాడు. వంగనిచోట నాలుగు గీకులు. మళ్లీ ముప్ఫైసార్లు లాగడం. చెక్కకి కొత్త వంపు అలవాటయ్యాకే మళ్లీ గీకడం. అనుకున్న బరువు మించి ఒక్కసారీ లాగలేదు.

ఆరు వారాలు పట్టింది. తాడు విప్పితే విల్లు దాదాపు తిన్నగా లేచి నిలబడింది. పెరట్లో పిల్లాడు వేసిన మొదటి బాణం గడ్డిమోపుని తప్పి కంచెలో దిగింది. విల్లు మాత్రం నిలిచింది.

2011 సంక్రాంతికి అందరూ ఊరొచ్చారు. ప్లాస్టిక్‌ గొట్టంలో భద్రంగా పెట్టి విల్లు కూడా తెచ్చారు. అరుగుమీద కూర్చున్న తండ్రి దాన్ని అందుకోగానే ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ‘‘పనసచెక్క చుట్టమల్లే ఉందే’’ అన్నాడు. అంత దూరం నుంచి వచ్చిన చెక్క కులగోత్రాలు ఎవరూ చెప్పకుండానే పట్టేశాడు!

పిడి దగ్గర నల్లసిరాతో రెండు తెలుగు వరసలున్నాయి. విల్లు చేసినవాళ్లు కొలతలు రాసుకోవడం అలవాటు. తండ్రి కళ్లజోడు సర్దుకుని, ఆనాడు దరఖాస్తు చదివినట్టే, ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు.

‘60 అంగుళాలు. 25 పౌండ్లు.

చేసినవాడు: వడ్రంగి కొడుకు.’

చదవడం అయిపోయినా చాలాసేపు తలెత్తలేదు. బొటనవేలితో విల్లుని ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమాడు. ఒకచోట వేలు ఆగింది. వెనక్కొచ్చి మళ్లీ అక్కడే ఆగింది.

‘‘కిందివైపు ఇక్కడ కాస్త బిగుసుందిరా’’ అన్నాడు గొంతు సవరించుకుని. ‘‘గూట్లో గాజుపెంకుంటది, పట్రా. నాలుగంటే నాలుగు గీకులు. దా, నువ్వే గీకు... నేను చూస్తా.’’