వెనక చక్రాల మౌనవ్రతం

ప్రతి కారుకీ చక్రాలు నాలుగే. కానీ చాలావాటిలో లాగేవి రెండే! మిగతా రెండూ బరువు మోస్తూ వెంట దొర్లుతాయి. తారురోడ్డు మీద ఆ తేడా ఎవరికీ తెలియదు. తెలిసేది బురదలోనే.

నేలకొండపల్లి వాళ్లకు ఆ బురద కొత్తకాదు. ఈ ఊళ్లో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వెళ్లి, భద్రాద్రిలో గుడి కట్టించి రామదాసు అయ్యాడు. ఆయన కాలంలో ఆ దారి ఎలా ఉండేదో గానీ, ఇప్పుడు ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా చక్కటి రోడ్డుంది. పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం భోజనాల వేళకు గోదావరి ఒడ్డున ఉండొచ్చు. అసలు పరీక్ష ఆ తర్వాతే. పెద్ద రోడ్డు దిగి అడవిలోని గూడేల వైపు తిరిగితే, వానాకాలంలో మట్టిబాట సబ్బుబిళ్లలా జారుతుంది.

ఒకప్పుడు ఇలాంటి దారుల్లో రాజ్యం జీపులదే. 1940ల చివర్లో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి మహీంద్రా కంపెనీ బొంబాయిలో బిగించడంతో మన దేశంలో వాటి కథ మొదలైంది. ఫోర్ బై ఫోర్ జీపులో మామూలు గేరు రాడ్డు పక్కనే మరో పొట్టి రాడ్డు ఉండేది. బురద కనపడగానే డ్రైవరు దాన్ని గట్టిగా లాగేవాడు. ముందు చక్రాలకూ బలం అందేది. గట్టి రోడ్డెక్కగానే మళ్లీ తీసేయాలి. లేకపోతే మలుపులో ముందు చక్రాలు ఒక దూరం, వెనకవి మరో దూరం తిరగలేక బండి బిగదీసుకుపోతుంది. మోటు పద్ధతే. కానీ ఒక సుఖం... రాడ్డు పడకపోతే డ్రైవరు చేతికి అక్కడికక్కడే తెలిసిపోయేది.

ఇప్పటి చాలా ఫోర్ బై ఫోర్ కార్లలో ఆ రాడ్డు లేదు. ఎప్పుడు ఎంత బలం పంపాలో కారే చూసుకుంటుంది. మామూలుగా ముందు చక్రాలు లాగుతాయి. వెనక ఇరుసు దగ్గర చిన్న డబ్బాలాంటి భాగం ఒకటుంటుంది. దాని పేరు కప్లింగ్. అందులో పలుచటి క్లచ్ ప్లేట్లు ఒకదాని పక్కన ఒకటి నూనెలో మునిగి ఉంటాయి. ముందు చక్రాలు జారుతున్నాయని కంప్యూటరు పసిగట్టగానే చిన్న పంపు నూనెకు ఒత్తిడి పెంచుతుంది. ప్లేట్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. వెనక చక్రాలు కదులుతాయి. రెప్పపాటులో పని పూర్తి!

స్వీడన్‌కు చెందిన హాల్డెక్స్ కంపెనీ కప్లింగ్ 1998లో ఆడి టీటీ కారుతో పేరు తెచ్చుకుంది. 2011లో ఆ విభాగాన్ని అమెరికా కంపెనీ బోర్గ్‌వార్నర్ కొనేసింది. స్కోడా యెటి, ఫోక్స్‌వ్యాగన్ టిగువాన్‌లలోని ఫోర్ బై ఫోర్ రకాలతో ఇది మన రోడ్ల మీదకూ వచ్చింది. 2014లో వచ్చిన ఫోర్ బై ఫోర్ డస్టర్‌లో ప్లేట్లను నొక్కే పని విద్యుదయస్కాంతానిది. దారి వేరైనా సూత్రం ఒకటే. అవసరమైతేనే వెనక చక్రాలకు పిలుపు.

చిక్కంతా ఆ పిలుపు అందకపోతేనే. నేలకొండపల్లి దగ్గర వరి, మిర్చి పండించే ఓ రైతుకు అది అనుభవమే. కూతురు చర్ల అవతల ఓ బడిలో టీచరు. ఆ దారి కోసమే ఆయన సెకండ్‌హ్యాండ్‌లో ఇలాంటి కారు కొన్నాడు. ఏడో నెలలో అమ్మాయిని పుట్టింటికి తీసుకొస్తుంటే దారిలో వాన పట్టుకుంది. చిన్న ఎత్తు. ముందు చక్రాలు బురద చిమ్ముతూ గిర్రున తిరిగాయి. వెనకవి చలించలేదు. కారు పక్కకు జారి, గుంత అంచున ఆగింది. డాష్‌బోర్డు మీద ఒక్క ఎర్రలైటైనా వెలగలేదు. గూడెం జనం ట్రాక్టరు తెచ్చి లాగారు. ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాత ఖమ్మంలో కాన్పూ సుఖంగానే జరిగింది. కానీ ఆ రాత్రి తండ్రికి నిద్రపట్టలేదు.

మర్నాడు మెకానిక్ షెడ్డులో నడిచిన సంభాషణ ఇది.

‘‘బాబాయ్, దీని ఆయిల్ ఎప్పుడు మార్పించావ్?’’

‘‘సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా మారుస్తనే ఉన్నరు గదయ్యా!’’

‘‘అది ఇంజిను ఆయిల్. నేనడిగేది వెనక కప్లింగ్‌ది.’’

‘‘దానికి వేరే ఆయిల్ ఉంటదా?’’

ఉంటుంది! పంపు విప్పితే దాని నోటి దగ్గరి సన్నటి జాలీ నల్లటి జిగురు ముద్దతో మూసుకుపోయి ఉంది. నూనె లాగలేక లాగలేక పంపు మోటారు ఎప్పుడో కాలిపోయింది. కారు మాత్రం ఎంచక్కా ముందు చక్రాలతో తిరుగుతూనే ఉంది.

ఆ ముద్ద ఎక్కడిది? క్లచ్ ప్లేట్లు రాసుకున్నప్పుడల్లా సన్నటి పొడి రాలుతుంది. నూనెలో కలుస్తుంది. హాల్డెక్స్ తొలి రకాల్లో 30 వేల కిలోమీటర్లకోసారి నూనె, 60 వేలకోసారి ఫిల్టరు మార్చాలనేది లెక్క. అయిదో తరం కప్లింగ్‌లో విడిగా ఫిల్టరే లేదు. ఆ జాలీ ఒక్కటే దిక్కు. అందుకే పాత నూనె వంచేసి కొత్తది పోస్తే సరిపోదు. పంపు విప్పి, జాలీ కడిగి, మళ్లీ బిగించాలి. ఇంతాచేసి పట్టే నూనె లీటరు కూడా ఉండదు! అయితే ఏదో ఒక గేర్ ఆయిల్ పోస్తే కుదరదు. ఆ కప్లింగ్‌కు చెప్పిన రకమే పోయాలి. ఇంకో సంగతి... పక్కనే ఉండే క్రౌన్ నూనె గది వేరు, కప్లింగ్ నూనె గది వేరు. ఒకటి మార్చి రెండూ అయ్యాయనుకునే షెడ్లున్నాయి. దగ్గరుండి అడగడమే మేలు.

టైర్ల విషయంలోనూ పిసినారితనం పనికిరాదు. ముందు రెండూ కొత్తవి, వెనక రెండూ అరిగినవి వేస్తే చుట్టుకొలత మారిపోతుంది. చక్రాలు జారుతున్నాయేమోనని కప్లింగ్ ఊరికే శ్రమపడి వేడెక్కుతుంది. నాలుగూ ఒకే రకం, ఇంచుమించు ఒకే అరుగుదలతో ఉండాలి. బండి ఆగిపోతే రెండు చక్రాలు పైకెత్తి, రెండు నేల మీద దొర్లిస్తూ లాక్కెళ్లకూడదు. లారీ మీదకు ఎక్కించడమే పద్ధతి. లోతు నీళ్లలో దిగి వచ్చాక నూనె చూపించాలి. పాలలా తెల్లగా మారిందంటే లోపలికి నీళ్లు చేరినట్టే.

పనిచేస్తోందో లేదో తెలిసేదెలా? దుక్కి దున్నిన తడి చేలో, చుట్టూ ఖాళీ ఉన్నచోట, కారును మెల్లగా కదిలించాలి. ఒకరు దూరంగా పక్కన నిలబడి వెనక చక్రాలను చూడాలి. ముందువి జారుతున్నా వెనకవి ఊరికే ఉంటే షెడ్డుకు వెళ్లాల్సిందే. గూడెం బాటలో కాకుండా సొంత చేలో తెలిస్తే నష్టం తక్కువ!

అన్నీ సరిగ్గా ఉన్నా ధీమా పనికిరాదు. నాలుగు చక్రాల బలం కదలడానికే గానీ ఆగడానికి కాదు. బ్రేకులు అన్ని కార్లకూ ఒక్కటే. వరదకైతే అసలు లెక్కేలేదు. భద్రాచలం దగ్గర 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. 2022 జులైలో గోదావరి 71 అడుగులు దాటింది. 2024 సెప్టెంబరులో మున్నేరు ఖమ్మం కాలనీల్ని ముంచేసింది. కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే ఎంత గొప్ప కారైనా వెనక్కి తిప్పుకోవాల్సిందే.

రోహిణి కార్తెలో రైతు అరకలు, గొర్రులు బయటికి తీసి సరిచేసుకుంటాడు. మృగశిర వచ్చి తొలకరి పడ్డాక వెతుక్కుంటే అదును దాటిపోతుందని తెలుసు. అడవి దారి పట్టే కారుకూ ఆ పదిహేను రోజులే మంచి ముహూర్తం. పాత జీపు రాడ్డు పట్టేసి మొరాయిస్తే అందరికీ వినిపించేది. ఈ కప్లింగ్ నోరు తెరవదు. మనమే కిందికి వంగి పలకరించాలి.