పులిహోర బస్సులోనే ఉండిపోయింది



పోయిన నెల రెండో ఆదివారం మనవాళ్ళం కలిసి వెళ్ళిన విహారయాత్ర గురించి చాలామంది అడుగుతున్నారు. ఫోటోలు చూసి "బాగా ఎంజాయ్ చేసినట్టున్నారే" అంటున్నారు. ఫోటోల్లో అందరం నవ్వుతూనే ఉన్నాం. కానీ అవన్నీ పొద్దున గేటు దగ్గర తీసినవి. ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. ఎందుకంటే ఈసారి ఆ పార్కుకే పోదామని కమిటీలో పట్టుబట్టింది మేమే, భార్యాభర్తలిద్దరమూ.

ఏటా మన యాత్ర ఎలా ఉంటుందో మీకు తెలుసు. మన ముక్కనుమ రోజే తమిళులకు కాణుం పొంగల్ కాబట్టి ఆ రోజు మెరీనాలో, వండలూరులో, మహాబలిపురంలో ఇసుక వేస్తే రాలదు. అందుకని ఆ తర్వాత వచ్చే ఆదివారం మనం బయలుదేరతాం. రెండు బస్సులు, నాలుగు గంపల పులిహోర, పెరుగన్నం, మజ్జిగ మిరపకాయలు. తలకు 450 రూపాయలు. చెట్టు కింద జంపకానా పరిస్తే ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూసుకునేవాళ్ళే ఉండరు.

ఈ ఏడు మాకు అది పాతబడినట్టు అనిపించింది. "ఎంతకాలం ఈ వండలూరు? పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు, వాళ్ళకి కొత్తగా ఏదైనా చూపించాలి" అన్నాం. స్కూల్లో అందరూ పోయొచ్చారని మా వాడు ఆర్నెల్లుగా సతాయిస్తున్నాడు, అదీ ఒక కారణం. యాత్రను వేసవి సెలవులకి మార్చి, ఊరి బయట ఉన్న ఒక పెద్ద థీమ్ పార్కు ఖాయం చేశాం. పెద్దలకి 1,300, పిల్లలకి 1,100, అరవై దాటినవాళ్ళకి 1,000. బస్సు వేరే. కమిటీలో ఒకరిద్దరు "కొంచెం ఎక్కువేమో" అన్నారు. "ఏడాదికి ఒక్కసారే కదా" అని మేమే నోరు మూయించాం.

రెండు బస్సులు కావలసిన చోట ఒక్క బస్సే నిండింది. "ఊళ్ళో పని ఉంది", "పాపకి జలుబు", "ఆ రోజు పెళ్ళి ఉంది". ఇన్ని ఇళ్ళల్లో ఒకే ఆదివారం ఇన్ని పనులు ఎలా వచ్చాయని ఆ రోజు మాకు తట్టలేదు. జనం తగ్గితే సౌకర్యంగా ఉంటుందని కూడా అనుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

పదకొండు గంటలకి గేటు దగ్గరికి చేరాం. గంపలు దింపబోతుంటే సెక్యూరిటీ అతను "వెళి సాప్పాడు ఉళ్ళే కూడాదు సార్" అన్నాడు. తెల్లవారుజామున మూడింటికి లేచి కలిపిన పులిహోర మళ్ళీ బస్సెక్కింది. పసిపిల్లల పాలసీసా ఒక్కటే లోపలికి వచ్చింది.

లోపల మొదటి గంటలోనే లెక్క అర్థమైంది. పెద్ద రైడ్లు ఎక్కాలంటే నాలుగడుగుల ఏడంగుళాలు ఉండాలి. అంటే పిల్లల టికెట్టు కొన్నవాళ్ళలో చాలామందికి అవి లేనట్టే. మా అమ్మాయి కొలకర్ర దగ్గర మునివేళ్ళ మీద నిలబడి చూసింది, పంపలేదు. అందులో తప్పు లేదు, ప్రాణాలతో పని. కానీ ఆ మాట టికెట్టు అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు. మూడు రైడ్లకి రిపేరు అని తాడు కట్టి ఉంది. నీళ్ళలో దిగాలంటే నైలాను బట్టలే వేసుకోవాలి, లేనివాళ్ళు అక్కడే అద్దెకి తీసుకోవాలి. లాకరుకి వేరే దుడ్డు. చీరలో వచ్చిన పెద్దవాళ్ళు అలల కొలను గట్టు మీద కూర్చుని చూడడమే.

మా పిల్లల అవ్వ ఆ గట్టు మీదే కూర్చుని మధ్యాహ్నం రెండింటికి అడిగింది: "ఏమిరా, ఇంత దుడ్డు పోసి ఎండలో లైను కట్టడానికి వచ్చినామా?"

ఆమె చిన్నప్పుడు పెరంబూరు నుంచి రైలెక్కి సెంట్రల్‌లో దిగేవాళ్ళట. జూ అప్పుడు అక్కడే, మూర్ మార్కెట్ దగ్గర పీపుల్స్ పార్కులో ఉండేది. ఇళ్ళల్లో దాన్ని బతికిన కాలేజీ అనేవాళ్ళు, ఎగ్మోరు మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనేవాళ్ళు. తమిళులు ఉయిర్ కాలేజీ, సెత్త కాలేజీ అన్నట్టే. 1851లో పెట్టిన ఆ మ్యూజియం ఆవరణలోనే 1855లో జూ మొదలైంది, తర్వాత పీపుల్స్ పార్కుకి మారింది, 1985లో వండలూరు చేరింది. పొద్దున బతికిన కాలేజీ, మధ్యాహ్నం మూట విప్పి అన్నం, సాయంత్రం చచ్చిన కాలేజీ. "మా నాయన జేబులో ఎంత ఉండేదో మాకు తెలిసేది కాదు" అంది అవ్వ. ఆ మాట అప్పుడు మామూలుగానే విన్నాం.

అసలు చెప్పవలసింది ఇప్పుడు చెబుతాం.

మన ఆదివారం తెలుగు తరగతిలో మా వాడికి ఒక జోడీ ఉన్నాడు. ఇద్దరికీ పన్నెండేళ్ళు. గుణింతాలు కలిసి నేర్చుకున్నారు, పలక మీద బొమ్మలు వేసి కలిసే తిట్లు తిన్నారు. ఆ అబ్బాయి నాన్న టైలరు. సంఘం చందా ఒక్క నెల కూడా ఆపని మనిషి. నలుగురికీ టికెట్లు కొనుక్కుని ఆ కుటుంబం కూడా వచ్చింది. ఇద్దరు పిల్లలూ ఎత్తు సరిపోయినవాళ్ళే. పొద్దుట్నుంచి ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని తిరిగారు. ఒక రైడుకి గంటా ఇరవై నిమిషాలు లైనులో నిలబడ్డారు. అది తిరిగింది రెండు నిమిషాలు.

మూడు గంటలప్పుడు మాకు ఓపిక పోయింది. అక్కడ ఫాస్ట్ ట్రాక్ అని ఒక పట్టీ అమ్ముతారు. ఆరు వందలు పెట్టి కొని చేతికి కట్టుకుంటే వేరే దారిలో నేరుగా ముందుకి పోవచ్చు. మా ఇద్దరు పిల్లలకీ కొన్నాం. ఇంకో రెండు కుటుంబాలు కూడా కొన్నాయి. పట్టీ కట్టించుకుని మా వాడు పరుగెత్తాడు. ఇనప కమ్మీలకి అటువైపు వాడు, ఇటువైపు ఆ అబ్బాయి. ఇటువైపున్నవాడు అడిగాడు, "ఏమిరా, నీకు వేరే లైనా?" మా వాడు చెయ్యెత్తి పట్టీ చూపించి పోయాడు. పొగరుతో కాదు, సంతోషంతో. ఆ టైలరన్న మమ్మల్ని చూసి నవ్వి, కొడుకు తల నిమిరి, పక్కకి తిరిగాడు.

అక్కడే ఉండి కూడా మేము ఏమీ చేయలేదు. ఆ పిల్లవాడికి కూడా ఒక పట్టీ కొని ఉంటే వాళ్ళ నాన్నకి ఎలా ఉంటుందో అని ఆగాం. మా వాణ్ణి వెనక్కి పిలిస్తే మా దుడ్డు పోతుందని ఆగాం. రెండూ నిజమే. రెండోదే ఎక్కువ నిజం.

ఆరింటికి మూసేశారు. మా ఖర్చు దాచుకోకుండా చెబుతున్నాం. టికెట్లు 5,800, పట్టీలు 1,200, లోపల తిండి 1,850, లాకరూ అద్దె బట్టలూ 650, బస్సు 1,750. ఐదుగురికి మొత్తం 11,250 రూపాయలు. మా వాడు ఎక్కినవి నాలుగు, అమ్మాయి మూడు, అవ్వ సున్నా. పాత లెక్కన వండలూరుకి ఐదుగురికి 2,250 అయ్యేది.

బస్సు దగ్గరికి వచ్చేసరికి పెరుగన్నం పులిసిపోయింది. పులిహోర మాత్రం చెక్కుచెదరలేదు. పార్కింగులో బస్సు నీడన గంప దింపి, కాగితం పళ్ళేల్లో వడ్డించాం. అందరికీ ఆకలి. ఎవరూ మాట్లాడకుండా తిన్నారు, తర్వాత ఒక్కొక్కరే మాట్లాడారు, నవ్వారు. ఆ రోజంతటిలో మన యాత్రలా ఉన్నది ఆ అరగంటే. అయితే ఆ అబ్బాయి తిననన్నాడు. నిద్ర వస్తోందని బస్సెక్కి కూర్చున్నాడు.

తర్వాత రెండు ఆదివారాలు వాడు తెలుగు తరగతికి రాలేదు. మేమిద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. టైలరన్న కాఫీ ఇచ్చి, "పిల్లల మాటలు పట్టించుకోకండి, వాడే వస్తాడు" అన్నాడు. వాడు మాత్రం మిషను పక్కన నిలబడి నెమ్మదిగా అన్నాడు, "మీది వేరే టికెట్టు కదా అంకుల్." నాలుగు టికెట్లకి ఆ ఇంట్లో ఎన్ని జాకెట్లు కుట్టాలో అప్పుడు తట్టింది మాకు. రాలేనని చెప్పడానికి మొహమాటపడి, వచ్చిన మనిషి ఆయన. రాలేక, ఏదో పని పేరు చెప్పినవాళ్ళు ఇంకా ఎందరో.

పార్కు వాళ్ళని తిట్టడానికి ఇది రాయలేదు. వాళ్ళది వ్యాపారం, రేటు బోర్డు మీద రాసే పెట్టారు. ఇష్టమున్న ఇంటివాళ్ళు సొంతంగా పోయి రావచ్చు. కానీ నాలుగు తరాలుగా ఈ ఊళ్ళో ఉండి, ఇంట్లో తెలుగు నిలబెట్టుకోవడానికి ఒక సంఘం పెట్టుకుని, మన పిల్లలు ఒకరికొకరు తెలియాలని ఏడాదికి ఒక రోజు కలుస్తున్నాం. ఆ రోజుని తలకి 1,300 చొప్పున కొనుక్కున్నది మేము. అందులో సగంమందిని ఇంట్లో కూర్చోబెట్టి, వచ్చినవాళ్ళని రెండు లైన్లుగా విడగొట్టాం. రాని ప్రతి ఇంటికీ, వచ్చి నొచ్చుకున్న ప్రతి ఇంటికీ మా క్షమాపణ.

వచ్చే కమిటీ మీటింగులో మేము రెండు మాటలు పెడతాం. సంఘం పేరుమీద పోయే యాత్రకి బస్సు, తిండి, ప్రవేశం అన్నీ కలిపి తలకి 500 దాటకూడదు. మన గంపని లోపలికి రానివ్వని చోటికి పోకూడదు. సంక్రాంతి తర్వాత ఆదివారం వండలూరు. వచ్చేటప్పుడు పిల్లలకి ఓపికుంటే ఎగ్మోరులో చచ్చిన కాలేజీ కూడా చూపిద్దాం, దాని కథ చెప్పడానికి అవ్వ సిద్ధంగా ఉంది.

పోయిన ఆదివారం ఆ అబ్బాయి తరగతికి వచ్చాడు. మా వాడికి కొంచెం దూరంగా కూర్చున్నాడు. మా వాడే లేచి పోయి పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో మేము అడగలేదు.

జనవరికి రెండు బస్సులు మాట్లాడాలి. ఒకటి చాలని ఈసారి ఎవరూ అనకండి.