అలిపిరి మెట్లు, అమ్మ మోకాళ్లు

అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. మా అమ్మకి ఎడమ మోకాలు అరుగుదల మొదలై రెండేళ్లయింది. నాకు ఉద్యోగం రావాలని మొక్కుకున్న కొండ నడక మాత్రం బాకీ ఉండిపోయింది. "కారులో వెళ్తే ఈ మొక్కు తీరదురా" అని తేల్చేసింది. డాక్టరుగారు ముందు తొడ కండరాలు గట్టిపడనివ్వమన్నారు. రెండు నెలలు రోజూ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం చేసింది. ఆ తర్వాతే టికెట్లు బుక్ చేశాను.

సంచులు కింద కౌంటర్‌లో ఇచ్చేస్తే కొండమీద తీసుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. మోకాళ్లకి దొరికే మొదటి సాయం ఇదే. మెట్టెక్కేటప్పుడు మోకాలి మీద పడే భారం ఒంటి బరువుకి దాదాపు మూడు రెట్లు. ఐదు కిలోల బ్యాగు మోస్తే అక్కడ పదిహేను కిలోలు పెరిగినట్టే. (సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, లెక్కలు మానలేను.)

అసలు పరీక్ష గాలిగోపురం లోపే. మెట్లు వరసగా, నిటారుగా ఉంటాయి. అమ్మ పాదం మొత్తం మెట్టు మీద ఆనించి, బాగున్న కుడికాలు ముందు వేసి, ఎడమకాలు దాని పక్కకి తెచ్చుకునేది. ఆయాసం రాకముందే కూర్చునేది. పక్కనుంచి కుర్రాళ్లు గోవిందా అంటూ రెండేసి మెట్లు దూకుతున్నా పట్టించుకోలేదు. మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమలు పెట్టేవాళ్లుంటారు. పసుపు తడిగా ఉంటే కాలు జారుతుంది, ఆ పక్కకి పోలేదు.

గాలిగోపురం దాటాక దారి చాలావరకు చదును. జింకల పార్కు, ఘాట్ రోడ్డు పక్క నడక, హాయిగా సాగింది. చివర్లో వస్తుంది మోకాళ్ల మెట్టు. కొండ మీద పాదం మోపకూడదని రామానుజులవారు మోకాళ్లతో ఎక్కారని చెప్పుకుంటారు. ఇప్పటికీ కొందరు అలాగే ఎక్కుతారు. "నేనూ ఓ నాలుగు మెట్లు..." అంది అమ్మ.

నా గుండె గుభేలుమంది. మోకాటి చిప్పకీ రాతికీ మధ్య చర్మం తప్ప పెద్దగా ఏముంటుంది? "నువ్వు మొక్కింది నడకే కదమ్మా, ఇది కాదుగా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. వంగి మెట్టుని చేత్తో తాకి కళ్లకద్దుకుని, మళ్లీ కుడికాలు ముందు వేసింది.

దర్శనమయ్యాక నడిచి దిగుదామన్నవాళ్లు దారిలో చాలామందే కనిపించారు. నేను ఒప్పుకోలేదు. దిగడం తేలికనుకుంటాం గానీ మోకాలికి అదే బరువు. ప్రతి మెట్టుకీ తొడ కండరం బ్రేకు వేస్తూనే ఉండాలి. ఇంట్లో నాలుగు మెట్లు దిగాల్సి వచ్చినా నొప్పి ఉన్న కాలే ముందు కిందికి వేయమన్నారు డాక్టరుగారు. 1944 నాటి పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగే బండ్లకే. ఆ దారిన బస్సెక్కించాను.

మలుపుల మధ్య అమ్మ అడిగింది: "శ్రీవారిమెట్టు దారిలో మెట్లు తక్కువటగా, ఈసారి అటు వెళ్దామా?"

"తక్కువే, 2,388. కానీ అవన్నీ రెండు కిలోమీటర్ల చిల్లరలోనే ఉన్నాయమ్మా."

"అయితే ఇటే," అని మోకాలు నిమురుకుంటూ కళ్లు మూసుకుంది.