తలూపితే సరిపోదు

వాదించే రోగులంటే నాకు బెంగ లేదు. "ఈ టీకాలో ఏం కలుపుతారు? మీ పిల్లలకి మీరు వేయించారా?" అని నిలదీసేవాళ్ళకి జవాబు చెప్పొచ్చు. వింటున్నారన్న భరోసా అయినా ఉంటుంది. నా ప్రాణం తీసేది తలూపేవాళ్ళు. చెప్పిన ప్రతి ముక్కకీ స్పానిష్‌లో "సీ, దొక్తోరా" (అలాగే, డాక్టరుగారూ) అంటూ గంగిరెద్దులా తలూపేసి ఇంటికెళతారు. బిడ్డకి ఒళ్ళు వెచ్చబడగానే ఆ టీకా మంచిది కాదని ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చేస్తారు. ఇక రెండో డోసుకి మొహం చూపించరు.

నేను గుంటూరులో వైద్యం చదివాను. ఇప్పుడు కాలిఫోర్నియాలో, ఫ్రెస్నోకీ బేకర్స్‌ఫీల్డ్‌కీ మధ్య ఒక చిన్న ఊళ్ళో ఫ్యామిలీ డాక్టర్ని. చుట్టూ ద్రాక్ష, బాదం, నారింజ తోటలు. వాటిలో కూలిపనికి వచ్చినవాళ్ళు ఎక్కువమంది మెక్సికోలోని మిచోఅకాన్, వహాకా రాష్ట్రాల వాళ్ళు. అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్ళు 4 కోట్లకు పైనే ఉంటారు. మా వెయిటింగ్ రూములో ఇంగ్లీషు వినపడిందంటే అది టీవీలోంచే.

తప్పదని స్పానిష్ నేర్చుకున్నాను. సాయంత్రం క్లాసులు, కారులో ఆడియో పాఠాలు, మధ్యమధ్య మా నర్సు చీవాట్లు. ఈ భాషలో తెలుగువాళ్ళకి అడక్కుండానే కలిసొచ్చే లాభం ఒకటుంది. స్పానిష్ త, ద మన త, ద లాగే పళ్ళకి నాలుక ఆనించి పలకాలి. మా అమెరికన్ డాక్టర్లు ఎంత తంటాలు పడ్డా ట, డ దగ్గరే ఆగిపోతారు. రకారాన్ని దొర్లించడం మనకి పలకాబలపం నాటి విద్య. అందుకని నా ఉచ్చారణకి తొందరగానే మెప్పొచ్చింది. చిక్కు కూడా దాంతోనే వచ్చింది. యాస బాగుంటే భాషంతా వచ్చనుకుంటారు. ఊపిరి తీసుకోకుండా అత్తగారి కీళ్ళనొప్పుల దగ్గర్నుంచి మేస్త్రీ ఎగ్గొట్టిన కూలీదాకా చెప్పుకుపోతారు. అందుకే నేను అన్నిటికంటే ముందు బట్టీపట్టిన వాక్యం, "మెల్లగా, ఇంకోసారి చెప్పండి".

క్లాసుల్లో శరీరభాగాలు చెప్పారు, నొప్పి ఎక్కడని అడగడం చెప్పారు. టీకా వేశాక ఆ పావుగంటలో తల్లికి చెప్పాల్సినవి మాత్రం నేనే కూర్చుని రాసుకోవాల్సి వచ్చింది. చెయ్యి నొప్పిగా ఉంటుంది, ఆడించండి. జ్వరం రావచ్చు, ఫలానా రోజున రావచ్చు. ఒంటికి ఆల్కహాలు రుద్దకండి. మందు వంటింటి చెంచాతో పోయకండి. మొహం వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, ఊపిరి అందకపోయినా వెంటనే 911కి ఫోన్ చేయండి. ఆ ఆఖరిది చాలా అరుదు, సుమారు 10 లక్షల డోసులకి ఒక్కటి. అయినా చెప్పి తీరాలి.

జ్వరం సంగతే తీసుకోండి. ఇక్కడి థర్మామీటరు ఫారెన్‌హీట్‌లో ఉంటుంది. మెక్సికో అమ్మమ్మలకి సెల్సియస్ తప్ప తెలియదు. 100.4 అని నేనంటే వాళ్ళకి అది ఉత్త అంకె, 38 అంటే వెంటనే కళ్ళు పెద్దవవుతాయి. పారాసిటమాల్ సిరప్ డోసు బిడ్డ బరువునిబట్టి ఉంటుంది. కాగితం మీద రాసిస్తే కాగితం పోతుంది. అందుకని నోట్లో మందు పోసే ప్లాస్టిక్ సిరంజి మీదే నల్ల మార్కరుతో గీత గీసి చేతిలో పెడతాను. "ఈ గీత దాకా. నాలుగు గంటలు గడిచేదాకా మళ్ళీ వద్దు. రోజు మొత్తానికి ఐదుసార్లు దాటొద్దు." ఆ గీతకి భాషతో పనిలేదు.

ఒకావిడ గురించి చెప్పాలి. పిల్లాడికి ఏడాది నిండగానే వేరే క్లినిక్‌లో తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకి కలిపి ఇచ్చే టీకా వేయించింది. వారం దాటాక జ్వరం, ఛాతీ మీద ఎర్రటి పొక్కులు. టీకాయే పిల్లాడికి తట్టు తెప్పించిందని ఇంట్లో తీర్మానం అయిపోయింది. నా దగ్గరికి వచ్చింది ఎప్పుడనుకున్నారు? బడిలో వేయడానికి టీకాల పసుపు కార్డు నిండాలన్నప్పుడు. 2014 చివర్లో డిస్నీలాండ్‌లో మొదలైన తట్టు రాష్ట్రమంతా పాకాక, సొంత నమ్మకాల పేరు చెప్పి టీకా తప్పించుకోవడం కుదరదని కాలిఫోర్నియా 2015లో చట్టం చేసింది. ఆ చట్టమే లేకపోతే ఈవిడ ఇప్పటికీ వచ్చేది కాదు.

ఇందులో రహస్యమేమీ లేదు. ఈ టీకాలో ఉండేది బలం తీసేసిన బతికున్న వైరస్. అది ఒంట్లో కాస్త పెరిగి, శరీరం దాన్ని గుర్తుపట్టాలి. అందుకే జ్వరం ఆ రోజే రాదు, 7 నుంచి 12 రోజుల మధ్య వస్తుంది. నూటికి ఐదుగురికి పొక్కులూ వస్తాయి, వాటంతటవే పోతాయి. తట్టు నుంచి మొదటి డోసుతో 93 శాతం రక్షణ, రెండోదానితో 97. ఎనిమిదో రోజు జ్వరం రావచ్చని ముందే చెప్పి ఉంటే, ఆ తల్లి ఎనిమిదో రోజున "డాక్టరు చెప్పినట్టే వచ్చింది" అనుకునేది. చెప్పకపోతే అదే జ్వరం మోసంలా కనబడుతుంది. డిగ్రీ ఒకటే, నమ్మకంలో తేడా అంత.

"మరి అప్పుడు ఎవరూ చెప్పలేదా?" అని అడిగాను. చెప్పారట. పెద్దకొడుక్కి చెప్పారట. వాడప్పుడు మూడో తరగతి.

ఇది చూస్తే నాకు తిక్క రేగుతుంది. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఆసుపత్రి భాష రాదన్న కారణంగా రోగిని వెనక్కి నెట్టకూడదన్న హక్కుకి మూలం 1964 పౌరహక్కుల చట్టంలో ఉంది. ప్రాణం మీదకొస్తే తప్ప మైనర్ల చేత దుబాసీ పని చేయించొద్దని 2016 నిబంధనలు విప్పి చెప్పాయి. టీకాకి ముందే సమాచారపత్రం చేతిలో పెట్టాలని 1986 నుంచీ చట్టం ఉంది. ఆ పత్రం స్పానిష్‌లోనూ దొరుకుతుంది. దొరికి ఏం లాభం? డైపర్ల సంచీ అడుగున నలుగుతూ ఉంటుంది. గ్లెన్ ఫ్లోరెస్ అనే పిల్లల డాక్టరు, ఆయన బృందం స్పానిష్ దుబాసీలతో జరిగిన 13 సంభాషణలు టేపు చేసి, 2003లో ఫలితాలు ప్రచురించారు. 396 తప్పులు తేలాయి. వాటిలో 63 శాతం వైద్యానికి చేటు చేయగలవి. ఆ దుబాసీల్లో ఒకరు రోగికి తోబుట్టువు, వయసు పదకొండు.

అంతకంటే బాధపెట్టిన కేసు ఇంకొకటి. రెండు నెలల పాపకి ఇంకోచోట రోటావైరస్ చుక్కలు వేశారు. మంచి మందు. 2006లో ఆ టీకా రాకముందు అమెరికాలో ఏటా 55 వేల నుంచి 70 వేలమంది పసిపిల్లలు ఆ విరేచనాలతో ఆసుపత్రి పాలయ్యేవాళ్ళు. కానీ 20 వేలమంది నుంచి లక్షమంది పిల్లల్లో ఒకరికి, చుక్కలు వేసిన వారంలోపు, పేగు పక్క పేగులోకి చొచ్చుకుపోయే ప్రమాదం ఉంది. టీకా లేకపోయినా పసిపిల్లలకి అది వస్తుంటుంది. గుర్తు తేలికే: ఉన్నట్టుండి గుక్కపట్టి ఏడుస్తుంది, మోకాళ్ళు పొట్టకేసి లాక్కుంటుంది, కాసేపు ఊరుకుంటుంది, మళ్ళీ మొదలు.

నాలుగో రోజున పాప అలాగే ఏడ్చింది. ఇంట్లో పెద్దావిడ "ఎంపాచో" అంది, అంటే పొట్టలో ఏదో అంటుకుపోయిందని. పొట్ట తోమే మంత్రసానిని పిలిచారు. ఆవిడ వెచ్చటి నూనెతో పసిపొట్టని పిసికింది. మర్నాడు డైపరులో నెత్తురు చూశాక నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. అంబులెన్సులో పిల్లల ఆసుపత్రికి పంపాను. గాలి ఒత్తిడితో పేగుని వెనక్కి నెట్టారు, కోత లేకుండానే సరిపోయింది. ఇంకొక్క రోజు ఆలస్యమైతే పేగు కుళ్ళేది.

ఆ తల్లిని కేకలేద్దామని నోరు తెరిచాను. ఆవిడకి పందొమ్మిదేళ్ళుంటాయి. వహాకా కొండల పిల్ల, ఇంటిభాష మిశ్తెకో. స్పానిష్ ఆవిడకీ కూలి దగ్గర నేర్చుకున్న భాషే. చుక్కలు వేసినచోట స్పానిష్‌లోనే చెప్పారట, ఆవిడ తలూపిందట. నేనింత కష్టపడి నేర్చుకున్న భాష కూడా సగం దూరమే తీసుకెళుతుందని ఆ రోజు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఫోనులో మిశ్తెకో దుబాసీ దొరికేదాకా ఆగి మొత్తం మళ్ళీ చెప్పించాను.

మంత్రసానుల మీద నాకు పెద్ద పగ లేదు. మా అమ్మమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచేది, ఇక్కడి అమ్మమ్మలు కోడిగుడ్డు దిగదుడుస్తారు. దిష్టికి వీళ్ళు ఎర్రదారం కడతారు, మనం నల్లచుక్క పెడతాం. కట్టుకోండి, పెట్టుకోండి, నాకేం? కానీ పొట్ట పిసకొద్దు. గ్రేతా, అసార్కోన్ అని ఎంపాచోకి ఇచ్చే పసుపు, నారింజరంగు పొడుల్లో ఉండేది సీసం, అది పిల్లల మెదడుని తినేస్తుంది. ఆటలమ్మ టీకా వేశాక ఆరు వారాలు పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వొద్దు, కాలేయం, మెదడు రెండూ దెబ్బతినే జబ్బు రావచ్చన్న భయం ఉంది. కడుపులో మంటకి తాగే పెప్టో-బిస్మాల్‌లోనూ ఆ కుటుంబం మందే ఉంటుంది. ఇవన్నీ వరసగా అప్పజెప్పి, "అర్థమైందా?" అని మాత్రం అడగను. ఆ ప్రశ్నకి ఏ భాషలోనైనా ఒకటే జవాబు. "రాత్రికి మీ అత్తగారు అడిగితే ఏం చెప్తారు?" అంటాను. అప్పుడు తల ఆగిపోతుంది, నోరు కదులుతుంది. ఏది అందిందో, ఏది జారిపోయిందో అక్కడే తెలిసిపోతుంది.

మనవాళ్ళు నవ్వుకోనక్కర్లేదు. తెనాలి దగ్గర్నుంచి కొడుకు దగ్గరికొచ్చిన పెద్దాయన ఒకరు సర్పి రాకుండా టీకా వేయించుకున్నారు. అది గట్టి టీకా. రెండు డోసులు, రెండు నుంచి ఆరు నెలల ఎడం. ఆరుగురిలో ఒకరికి ఒకట్రెండు రోజులు మామూలు పనులు చేసుకోలేనంత నొప్పి, నీరసం ఉంటాయి. ఫార్మసీలో ఆ అమ్మాయి ఇవన్నీ ఓపిగ్గా చెప్పిందట. సాఫ్ట్‌వేరు ఇంజనీరైన కొడుకు విని, తండ్రివైపు తిరిగి, "ఏం కాదంట నాన్నా" అన్నాడట. పెద్దాయన తలూపారు. ఆ రాత్రి వణుకుతో పడుకుని, తెల్లారేసరికి తిరుగు టికెట్ బుక్ చేయమన్నారు.

ఆయన్ని నా దగ్గరికి తీసుకొచ్చారు. "ఏంటి బాబాయిగారూ, రెండో డోసు వద్దంటున్నారట?"

"నాకొద్దమ్మా ఆ పాడు సూది. ఏం కాదన్నారు. చచ్చి బతికాను."

కొడుకుని బయట కూర్చోబెట్టి తెలుగులో పది నిమిషాలు చెప్పాను. సర్పి ఎందుకొస్తుందో, తగ్గాక కూడా ఆ మంట నెలల తరబడి ఎలా పీక్కుతింటుందో, టీకా తర్వాత జ్వరం ఎందుకో, ఈసారి మర్నాడు ఏ పనీ పెట్టుకోకుండా ఎప్పుడు వేయించుకోవాలో. ఆయనా తలూపారు. వదల్లేదు. "పిన్నిగారు అడిగితే ఏం చెప్తారు?" అన్నాను. అంతా తు.చ. తప్పకుండా అప్పజెప్పారు.

రెండో డోసు వేయించుకున్న మూడో రోజు ఫోను చేశారు. గొంతులో దిగులు. "అమ్మాయ్, నువ్వు అన్నేసి చెప్పావు. నాకేమో వెచ్చనైనా కాలేదు. మందు పనిచేసినట్టేనంటావా?"

పనిచేసినట్టేనని మళ్ళీ మొదటినుంచీ చెప్పాను.