గుమ్మం పక్కన గుడ్డ సంచి

నిరుడు బక్రీదు నాడు, నెల రోజులు మా ఇంట మేపి ఖుర్బానీ ఇచ్చిన మేక కడుపులో పాలిథిన్ కవర్ల ముద్ద బయటపడింది. వాటిలో మేము వీధిలో పారవేసినవీ ఉండవచ్చునన్న తలంపు మమ్మల్ని కలచివేసింది. దారిలోని హానికర వస్తువును తొలగించటం విశ్వాసంలో భాగమని దైవప్రవక్త (స) బోధించారు. మేమో, దానిని చేజేతులా దారిలో వేశాము!

వెంటనే నూలు సంచులు కొనబోయాము. అయితే కొత్త నూలు సంచిని కనీసం 131 సార్లు వాడితేనే వాతావరణంపై దాని భారం పలుచని ప్లాస్టిక్ కవరుకన్నా తగ్గుతుందని 2011లో బ్రిటన్‌లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. అవసరం లేని కొనుగోలూ దుబారాయే. దుబారా అల్లాహ్‌కు ఇష్టం లేనిది. అందుకే పాత దుప్పటితోనే నాలుగు సంచులు కుట్టి, మరచిపోకుండా గుమ్మం పక్కన తగిలించాము. మాంసానికి స్టీలు డబ్బా తీసుకువెళుతున్నాము.

ఈ బక్రీదుకు ఖుర్బానీ మాంసాన్ని సైతం గిన్నెలలోనే పంచాలని సంకల్పించాము. అల్లాహ్ మా ఈ చిన్న ప్రయత్నాన్ని స్వీకరించుగాక!