కాగితం మీద క్రూయిజర్

కాగితం మీద ఓడ కట్టడానికి రేవు అక్కరలేదు, ఇనుము అక్కరలేదు, సర్కారువారి అనుమతి అసలే అక్కరలేదు. గళ్ళ నోటుబుక్కు, లాగరిథమ్స్ పుస్తకం, కాస్త ఓపిక వుంటే చాలు. బాపట్లలో ఇంజనీరింగు చదివే రోజుల్లో నేను కట్టిన ఓడ అలాంటిదే. కట్టింది 1980లలో అయినా అది 1932 నాటి ఓడ. ఆనాటి ఒప్పందాలకూ, ఆనాటి ఆవిరి టర్బయిన్లకూ లోబడి, మన తీరం కోసం ఎవరైనా ఒక వేగమైన లైట్ క్రూయిజర్ని కట్టివుంటే ఎలా వుండేదన్న ఊహ. “ఇది సిలబస్‌లో వుందా?” అని అడిగిన రూమ్మేట్లకు అప్పుడూ జవాబు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

ఆ కాలమే ఎందుకంటే, అప్పట్లో ఓడలకు బడ్జెట్టు డబ్బుల్లోనే కాదు, టన్నుల్లోనూ వుండేది. 1922 వాషింగ్టన్ ఒప్పందం క్రూయిజర్ బరువు 10,000 టన్నులు, ఫిరంగి నోరు 8 అంగుళాలు మించరాదంది. 1930 లండన్ ఒప్పందం ఇంకో గీత గీసింది: 6.1 అంగుళాలకు మించని ఫిరంగులున్నవి ఒక తరగతి, మించినవి మరో తరగతి. ఆ మొదటి తరగతివే లైట్ క్రూయిజర్లు. టన్నులు లెక్కపెట్టి ఇస్తే ఇక డిజైనరు బతుకు నెలజీతగాడి బతుకే. వేగానికి పోసింది కవచానికి మిగలదు, కవచానికి పోసింది ఫిరంగులకు మిగలదు.

వేగం సంగతి ముందు చెప్పాలి. సెలవులకు తెనాలి వెళ్ళినప్పుడు నేను మా నాన్నకు ఎంతో ఉత్సాహంగా, “నా ఓడ 35 నాట్లు” అన్నాను. ఆయన పేపరు దించి, “ముప్పై అయిదు నాట్లేమిట్రా, మనకున్నది మూడెకరాలు. ఒక్కసారి నాటడానికే కూలీలు దొరకట్లేదు” అన్నాడు. సముద్రం మీద నాటు అంటే గంటకు ఒక నాటికల్ మైలు అని వివరించేసరికి ఆయన మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయాడు.

కాలవలో పడవ వెళ్తుంటే ముక్కు దగ్గర ఒక అల లేస్తుంది చూశారా? వేగం పెరిగినకొద్దీ ఆ అల సాగుతుంది. 550 అడుగుల ఓడ అయితే దాదాపు 31 నాట్ల దగ్గర ఆ అల ఓడంత పొడుగవుతుంది. ఆపైన ఓడ తన అలను తానే ఎక్కాల్సిన గుట్టలాగా ఎదుర్కొంటుంది. కావలసిన శక్తి వేగం ఘనం లెక్కన పెరుగుతుంది. అంతకంటే ఎక్కువే గానీ, హాస్టల్ లెక్కకు ఘనం చాలు. ఆనాటి బ్రిటిషు ‘లియాండర్’ తరగతి ఓడలు ఇంచుమించు 7,000 టన్నులు, 72,000 హార్స్‌పవర్, 32.5 నాట్లు. అదే ఓడను 35 నాట్లు పరుగెత్తించాలంటే 90,000 హార్స్‌పవర్ కావాలి. రెండున్నర నాట్లకు 18,000 గుర్రాలు!

ఇటలీవాళ్ళు ఆ గుర్రాలకు వెరవలేదు. వాళ్ళ ‘జుస్సానో’ తరగతి 5,000 టన్నుల ఓడలో 95,000 హార్స్‌పవర్ దించి 37 నాట్లకు కట్టారు. వాటిలో ‘బార్బియానో’ అనే ఓడ పరీక్షల్లో 42 నాట్లు దాటింది. ఆ అంకె చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయితే పక్కల కవచం 24 మిల్లీమీటర్లు. మన అట్లపెనం దళసరిగా వుంటే ఎంతుంటుందో, దానికంటే ఎక్కువే. 1940 జూలై 19న క్రీట్ దగ్గర ఆ తరగతిలోని ‘కొల్లియోని’కి, ఆస్ట్రేలియావారి ‘సిడ్నీ’ ఎదురుపడింది. సిడ్నీ లియాండర్‌కు చెల్లెలు, 32.5 నాట్లదే. ఒక గుండు కొల్లియోని యంత్రాల భాగంలో తగలడంతో ఓడ నిలిచిపోయింది. తరువాత టార్పెడోలతో ముంచేశారు.

మన తీరం మాటకొస్తే, 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ల ‘ఎండెన్’ ఒంటరిగా వచ్చి మదరాసు రేవులో చమురు ట్యాంకులు తగలబెట్టి చీకట్లో వెళ్ళిపోయింది. అదీ లైట్ క్రూయిజరే. 1942 ఏప్రిల్ 6న జపానువారి విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే వాళ్ళ ఓడలు బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక నౌకల్ని ముంచాయి. మా నాయనమ్మ ఆ వేసవిని ‘బాంబుల వేసవి’ అనేది. 1934లో రాయల్ ఇండియన్ నేవీ అని గొప్ప పేరైతే పెట్టారు గానీ, చేతిలో వున్నవి స్లూపులనే చిన్న ఓడలు. విశాఖలో సింధియావారి యార్డుకు శంకుస్థాపన జరిగిందే 1941లో. పాలించేవాడు మన చేతికి ఇవ్వని ఓడను నేను కాగితం మీదైనా కడుతున్నానన్న పౌరుషం నాకు లోపల వుండేదని ఇప్పుడు దాచడమెందుకు?

ఆ పౌరుషంతోనే నోటుబుక్కు పట్టుకుని రేపల్లె బండెక్కాను. అక్కడ మా బాబాయి వున్నాడు. ఐ.ఎన్.ఎస్. ‘ఢిల్లీ’లో బాయిలర్ గదిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ ఢిల్లీ మరేదో కాదు, లియాండర్ తరగతి ‘ఎకిలీజ్’. 1939 డిసెంబరులో రివర్ ప్లేట్ యుద్ధంలో జర్మన్ల ‘గ్రాఫ్ స్పీ’తో తలపడి, నలుగురిని పోగొట్టుకుని బయటపడిన ఓడ. 1948లో మనకు వచ్చింది, 1961లో డయ్యూ దగ్గర ఫిరంగులు పేల్చింది, 1978లో సెలవు తీసుకుంది.

బాబాయి అద్దాలు పెట్టుకుని నా బొమ్మ చాలాసేపు చూశాడు. ఫిరంగుల జోలికి పోలేదు. “పొగగొట్టం ఒకటే పెట్టావే” అన్నాడు.

“ఢిల్లీకీ ఒకటేగా, బాబాయ్.”

“అందుకే అడుగుతున్నా. బాయిలర్లన్నీ ఒకచోట, ఇంజన్లన్నీ ఒకచోట. బాయిలర్ల దగ్గర తగిలిందా, ఓడ మొత్తం చచ్చినట్టే. కింద వున్నోళ్ళకి నిచ్చెన ఒక్కటే దారి. ఆవిరి గొట్టం పగిల్తే నిచ్చెన దాకా కూడా పోలేం అబ్బాయ్.” కాసేపాగి, “నీ 35 నాట్లు ఎవడు తొక్కుతాడనుకుంటున్నావ్?” అన్నాడు.

ఆ రాత్రి వాళ్ళింటి అరుగు మీద కూర్చుని మళ్ళీ లెక్క వేశాను. 34 నాట్లకు దిగితే 82,000 హార్స్‌పవర్ చాలు. టన్నుకు 50 హార్స్‌పవర్ చొప్పున పట్టుకుంటే, మిగిలేది 160 టన్నులు. మూడంగుళాల ఉక్కు రేకు చదరపు అడుగుకు 120 పౌన్లు తూగుతుంది. అంటే 12 అడుగుల ఎత్తున, రెండు పక్కలా, దాదాపు 120 అడుగుల పొడవునా కవచం. ఒక్క నాటు ఖరీదు అది. బాయిలర్ గదుల పక్కన నిలబడ్డ గోడ. సిడ్నీలో లాగా బాయిలర్లు, ఇంజన్లు, మళ్ళీ బాయిలర్లు, ఇంజన్లు అని విడదీసి రెండో పొగగొట్టం పెట్టాను. దానికయ్యే బరువు కోసం ఎనిమిది ఫిరంగుల్లో రెండు తీసేశాను. ప్రతి బాయిలర్ గదికీ రెండో నిచ్చెన పెట్టాను. దాని బరువు లెక్కలో చూపించలేదు.

అంత చేసినా, 1942లో వచ్చిన జపాను పెద్ద క్రూయిజర్లు కూడా ఇంచుమించు అంత వేగమూ పోగలవే, వాటి ఫిరంగులు 8 అంగుళాలవి, పైన విమానాలు. నా ఓడ వాటితో పోరాడలేదు, తప్పించుకోవడమూ గ్యారంటీ లేదు. ముందుగా చూసి, వైర్‌లెస్‌లో కబురు పంపి, వర్తక నౌకల్ని రేవులకు మళ్ళించడం వరకు చేయగలదు. అది చిన్న పనేం కాదు.

పొద్దున్నే బాబాయికి కొత్త కొలతలు చదివి వినిపించాను: 550 అడుగుల పొడవు, 53 వెడల్పు, నీళ్ళలో 17 అడుగుల లోతు.

“అయితే మన నిజాంపట్నం వైపు రాదన్నమాట” అన్నాడు.

“అక్కడంతా మెరక కదా బాబాయ్, బాగా దూరంగా ఆగాల్సిందే.”

“మరి రేపల్లెవోడు సెలవుకి ఎట్టా దిగుతాడు? పడవలు ఎన్ని పెట్టావ్?”

ఆఖరి పేజీలో రెండు మోటారు పడవలు చేర్చాను.