కనబడకుండా వేసే బొమ్మ

బొమ్మ వేసేవాళ్లు వస్తువు బాగా కనబడాలని వేస్తారు. వస్తువును దాచడానికి కూడా బొమ్మ తెలిసినవాళ్లే కావాలని నాకు ఈ ఏడాదే తెలిసింది.

గుండ్రని వస్తువు వేసేటప్పుడు పైన వెలుగు, కింద నీడ చూపమని డ్రాయింగ్ సారు చెబుతారు. అప్పుడే అది ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. అబట్ థేయర్ అనే అమెరికా చిత్రకారుడు దీన్నే తిరగేసి ఆలోచించారు. చాలా జంతువులకు వీపు ముదురు రంగు, పొట్ట లేత రంగు. పైనుంచి పడే వెలుగును ముదురు రంగు తగ్గిస్తుంది, కింది నీడను లేత రంగు తగ్గిస్తుంది. జంతువు చదునుగా కనిపించి చుట్టుపక్కల కలిసిపోతుంది.

నేనూ చేసి చూశాను. రెండు బంకమట్టి ఉండలు చేసి, ఒకదానికి అంతా మట్టి రంగే వేశాను. రెండోదానికి పైన ముదురుగా, కిందికి పోయేకొద్దీ లేతగా వేశాను. రెండింటినీ పెరట్లో మట్టి మీద పెట్టి చెల్లిని పిలిస్తే, మొదటిది వెంటనే చూపించింది. రెండోదానికి కొంచెంసేపు వెతుక్కుంది.

సముద్రం మీద ఓడను ఇలా దాచలేం. అందుకే 1917లో ఇంగ్లాండు చిత్రకారుడు నార్మన్ విల్కిన్సన్ ఓడలకు అడ్డదిడ్డంగా పెద్ద చారలు వేయించారు. ఓడ ఎటు పోతోందో, ఎంత వేగంగా పోతోందో శత్రువు అంచనా తప్పాలని ఆయన ఉద్దేశం. ముందు చిన్న నమూనా ఓడలకు రంగులేసి, పెరిస్కోపులోంచి చూసి పరీక్షించేవారట.

మా చిన్నాన్న సైన్యంలో ఉన్నారు. "చిన్నాన్నా, ఆకుపచ్చ ఒక్కటే వేస్తే చాలదా, ఇన్ని మచ్చలెందుకు?" అని అడిగాను. "ఒకటే రంగైతే మనిషి ఆకారం అట్లే తెలిసిపోతుందమ్మా. మచ్చ భుజం దగ్గర ఆగకుండా చేతి మీదికి పోవాల. అప్పుడు చెయ్యేదో, ఒళ్లేదో తెలీదు" అన్నారు. పులి చారలు చేసే పనీ ఇదే.

పరీక్షలు దగ్గరికొస్తే మొదట పోయేది డ్రాయింగ్ పీరియడే. "బొమ్మలు అన్నం పెడతాయా?" అని మా అవ్వ కూడా అంటుంది. మన సైన్యం 2022 జనవరి 15న చూపించిన కొత్త యూనిఫాం రూపొందించడంలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ పాలుపంచుకుంది. అక్కడ డిజైన్ చదవాలంటే ప్రవేశ పరీక్షలో బొమ్మలు వేయాలి. ఈ సంగతి అవ్వకు చెప్పాను. "మీ చిన్నాన్నను కాపాడే బొమ్మలైతే వెయ్యి" అంది.